వీధిలో వడ్డించిన పరదేశాలు

వరంగల్లు నుండి ఖమ్మం పోయే రహదారి మీద, ఇంచుమించు 30 కిలోమీటర్ల దూరాన, వర్ధన్నపేట ఉన్నది. మేము పుట్టి పెరిగిన సీమ అది. సాయంకాలం అయిదు గంటల వేళ అక్కడ బస్సు దిగితే, రోడ్డుకు ఇరువైపుల పొయ్యిలు వెలిగి కనిపిస్తాయి. ఒక బండి మీద మూకుడులో మిర్చి బజ్జీలు తేలుతుంటాయి. దాని ప్రక్కన ఉల్లిగడ్డ సమోసాలు. కొంచెం అవతల జిలేబి చుట్టలు పాకంలో మునిగి లేస్తుంటాయి. చాయ కొట్టు ముందు నలుగురు నిలబడి ఉంటారు. చివరన పానీపూరీ బండి, దాని చుట్టూ బడి విడిచిన పిల్లలు.

మొన్న పండుగకు ఊరు వెళ్ళినపుడు మా అన్నగారి అమ్మాయి మాతో ఆ బండ్ల దగ్గరకు వచ్చింది. డిగ్రీ చదువుతున్నది. వేడి బజ్జీని ఊదుకొంటూ హఠాత్తుగా ఒక ప్రశ్న వేసింది: "చిన్నాయనా, రేడియోల దేశదేశాల ముచ్చట్లు చెప్తరు గదా, మీరు ఎన్ని దేశాలు చూసిండ్రు?"

నిజం చెప్పవలసి వచ్చింది. ఒక్కటి కూడ చూడలేదన్నాము. ఆ అమ్మాయి నవ్వింది, మేమూ నవ్వాము. కాని ఇంటికి వచ్చిన తరువాత ఆ ప్రశ్న మమ్ములను విడువలేదు. ఆ పూట ఆమె చేతిలో ఉన్న కాగితపు పొట్లంలోనే నాలుగు దేశాలు ఉన్నవి గదా అనిపించింది. ఆమెకు అప్పుడు చెప్పలేకపోయిన సమాధానమే నేటి మా ప్రసంగం.

పరదేశ సంస్కృతి అనగానే మనకు స్ఫురించేవి భాష, వేషం, సంగీతం, శిల్పం, రాజప్రాసాదాలు. వాటిని అర్థం చేసుకొనడానికి చదువు కావాలి, ధనం కావాలి, తీరిక కావాలి. వీధిలో అమ్మే తిండికి ఇవేవీ అక్కరలేదు. చేతిలో పది రూపాయలు, కడుపులో కొంచెం ఆకలి ఉంటే చాలును. అంతేగాక వీధి తిండిలో దాపరికం లేదు. వండేవాడు మన ఎదుటనే వండుతాడు. పిండి ఏదో, నూనె ఏదో, చేయి ఎట్లా తిరుగుతున్నదో మనం చూస్తూనే ఉంటాము. మన ప్రక్కన నిలబడి తినేవాని కులగోత్రాలు మనం అడగము, అతడూ మనవి అడగడు. విందుభోజనంలో ఒక జాతి తన వైభవాన్ని చూపుతుంది. తన నిత్యజీవితం ఎట్టిదో వీధి తిండిలో చూపుతుంది.

ఈ సంగతి ఓరుగల్లు వారికి కొత్తది కాదు. క్రీడాభిరామంలో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే మిత్రులిద్దరు కాకతీయుల నగరపు వీధులలో తిరుగుతూ కనిపించినదానినంతా ముచ్చటించుకొంటారు. అందులో పూటకూళ్ళ ఇల్లు కూడ ఉన్నది. ఒక రూక ఇస్తే ఏమేమి వడ్డించేవారో కవి నోరూరేటట్టు చెప్పాడు. నగరాన్ని తెలుసుకొనగోరినవాడు కోటతో పాటు పూటకూటింటిని కూడ చూడవలెనని ఆ కవికి తెలుసు.

ఇక మా యాత్ర సంగతి. మేము మొదట చూచిన పరదేశం ఇరాన్. చూచిన చోటు హైదరాబాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకొనే రోజులలో ఒక మిత్రుడు మమ్ములను నాలుగు రోడ్ల కూడలిలోని ఇరానీ హోటలుకు తీసుకొనిపోయాడు. పాలరాతి బల్లలు, వంపు కుర్చీలు, గోడలకు నిలువుటద్దాలు. మా ఇంటిలో చాయ అంటే నీళ్ళు, పాలు, పొడి, చక్కెర అన్నీ ఒకే గిన్నెలో పడి మరిగేవి. ఇక్కడ రెండు పాత్రలున్నవి. ఒకదానిలో చాయపొడి నీళ్ళు, మూత కదలకుండ బిగించి, సన్నని సెగ మీద ఎంతో సేపు మగ్గుతున్నవి. రెండవదానిలో పాలు చిక్కబడేదాక కాగుతున్నవి. కప్పులో మొదట డికాక్షన్, దాని మీద పాలు. తోడుగా ఒక ఉస్మానియా బిస్కట్టు, కొంచెం తీపి, కొంచెం ఉప్పు. ఒక చాయ తీసుకొని రెండు గంటలు కూర్చున్నా లెమ్మనేవారు లేరు. ఒక కప్పును ఇద్దరు పంచుకొన్నా చిన్నచూపు లేదు. పల్లె నుండి వచ్చి, జేబులో లెక్కపెట్టిన పైసలతో బ్రదికే విద్యార్థికి ఆ కుర్చీ ఎంత గౌరవమో అనుభవించినవారికే తెలుస్తుంది.

ఆ హోటళ్ళను పెట్టినవారు ఇరాన్‌లోని యజ్ద్, కెర్మాన్ వంటి ప్రాంతాల నుండి బయలుదేరి, 19వ శతాబ్ది చివర, 20వ శతాబ్ది మొదట, బొంబాయి, పూనాల మీదుగా హైదరాబాదు చేరినవారు. పొట్ట చేతబట్టుకొని వచ్చినవారే ఎక్కువ. వారి చాయ త్రాగి, ఇరాన్ దేశీయుల రుచి మాకు తెలిసిందని చాలకాలం అనుకొన్నాము.

ఆ భ్రమను పోగొట్టినవాడు కూడ ఒక ఇరానీ విద్యార్థే. మా విశ్వవిద్యాలయంలో చదువుకొనడానికి వచ్చిన ఆ యువకుని ఎంతో ఉత్సాహంతో అదే హోటలుకు తీసుకొనిపోయి, ఇరానీ చాయ ఇప్పించాము. అతడు ఒక గుటక వేసి, తృప్తిగా తల ఊపి, "చాల బాగున్నది. దీనిని మీరేమంటారు?" అని అడిగాడు.

వారి దేశంలో చాయ చిన్న గాజు గ్లాసులో, పాలు లేకుండ, ఎర్రగా ఉంటుంది. చక్కెర గడ్డను పంటి క్రింద పెట్టుకొని దాని మీదుగా త్రాగుతారు. పాలు మన దేశపు అలవాటు. ఇంకొక విచిత్రం కూడ తరువాత తెలిసింది. ఇరాన్‌లో చాయ తోటలు వేయించిన కాషెఫ్ అల్ సల్తనే అనే ఆయన, భారతదేశంలో తమ ప్రభుత్వ ప్రతినిధిగా పనిచేసి, 1900 ప్రాంతాలలో కాంగ్రా నుండి మొక్కలు తీసుకొనిపోయి లాహీజాన్‌లో నాటించాడు. మన దేశపు మొక్క అక్కడికి వెళ్ళింది. ఆ దేశపు మనుషులు ఇక్కడికి వచ్చి మనకు చాయ పోశారు. పేరులో కూడ ఈ రాకపోకలున్నవి. చైనాలో పుట్టిన ఈ ఆకు భూమార్గాన పర్షియా మీదుగా వచ్చిన చోట 'చా' అనే మాటను వెంటబెట్టుకొని వచ్చింది. సముద్రమార్గాన డచ్చి ఓడల మీద పోయిన చోట 'టీ' అయింది. తెలంగాణలో మేము చాయ అంటాము, కోస్తా సోదరులు టీ అంటారు. ఒకే భాషలో రెండు దారులు!

కనుక ఇరానీ చాయ అచ్చంగా ఇరాన్‌ది కాదు, అచ్చంగా మనదీ కాదు. ఇద్దరు కలిసిన చోట పుట్టినది. అందుచేత దానిని అసత్యమనరాదు. పరాయి వీధిలో నిలద్రొక్కుకొనడానికి ఆ వలసవచ్చినవారు ఎంత సర్దుకొన్నారో, మనం ఎంత సర్దుకొన్నామో ఆ కప్పు చెబుతుంది.

మా రెండవ పరదేశయాత్ర బార్కస్‌కు. ఇది హైదరాబాదు దక్షిణ భాగంలోని పేట. బారకాసులు అనే మాటే బార్కస్ అయింది. నిజాముల కొలువులో సైనికులుగా ఉండడానికి యెమెన్ దేశపు హద్రమౌత్ సీమ నుండి వచ్చిన అరబ్బుల సంతతివారు అక్కడ నివసిస్తున్నారు. మా సహాధ్యాయి ఒకడు ఆ పేటవాడు. ఒక చలికాలపు తెల్లవారుజామున మమ్ములను హరీస్ తినడానికి పిలిచాడు.

వీధి మూలన ఒక పెద్ద దేగు. రాత్రి అంతా గోధుమలు, మాంసం అందులో ఉడికినవి. కొయ్య గుండుతో దంచి దంచి, ఏది గోధుమో ఏది మాంసమో తెలియకుండ చేశారు. పైన వేడి నెయ్యి. ఉప్పుది ఒకటి, చక్కెర చల్లినది ఒకటి. మిత్రుడు గిన్నె మా చేతిలో పెట్టాడు.

ఇక్కడ ఒక తప్పు ఒప్పుకొనవలసి ఉన్నది. మేము ఆ గిన్నెను పట్టుకొని అట్లే నిలబడిపోయాము. మాంసం మాకు నిషిద్ధం కాదు. మా ఇంటిలో తింటాము. అయినను ఎవరు వండారో, ఏమి వేశారో, ఊరిలో తెలిస్తే ఏమంటారో అనే శంకలు ఒక్కసారిగా చుట్టుముట్టినవి. చదువుకొన్నామనే గర్వం ఆ క్షణంలో ఎందుకూ కొరగాలేదు. దేగు దగ్గరి ముసలాయన మా ముఖం చూచాడు. అతనికి సంగతి తెలిసిపోయింది. కోపం తెచ్చుకొనలేదు. "తిను బేటా, నచ్చకపోతే పైసలు ఇయ్యకు" అన్నాడు.

తిన్నాము. ఆ ముద్ద నోటిలో పెట్టగానే మాకు తోచినది అరేబియా ఎడారి కాదు. మా అమ్మ చేసే జొన్న గటక. పండుగకో పబ్బానికో తప్ప వరి అన్నం ఎరుగని రోజులలో మా తాత తండ్రులను బ్రదికించిన గటక. గింజను దంచి, ఉడికించి, కలిపి, మెత్తగా చేసి, ఇంటిల్లిపాదికి పంచడమనే బుద్ధి రెండు చోట్ల ఒక్కటే. అక్కడ గోధుమ, ఇక్కడ జొన్న. అక్కడ మాంసం, ఇక్కడ ఉల్లిగడ్డ, పచ్చిపులుసు. ఆనాడు మేము గ్రహించిన పాఠం ఇది: పరాయి తిండి కంటికి వింతగా కనిపిస్తుంది, నోటిలో పెట్టుకొన్న తరువాత మన ఇంటి దేనినో ఒకదానిని గుర్తుకు తెస్తుంది. ఆ గుర్తు తగిలే వరకు ఆ దేశం మనకు పరదేశమే.

ఈ హరీస్ సామాన్యమైనది కాదు. 10వ శతాబ్దిలో బాగ్దాదు నగరంలో అల్ వర్రాక్ కూర్చిన వంటల గ్రంథంలోనే దీనికి చోటున్నది. ఆర్మేనియాలోను, కాశ్మీరంలోను దీని జ్ఞాతులున్నవి. 2023లో యునెస్కో సంస్థ అరబ్బు దేశాల హరీస్‌ను మానవజాతి వారసత్వాల పట్టికలో చేర్చింది. దీనికే పప్పులు, మసాలాలు చేర్చి హైదరాబాదు తన హలీమును చేసుకొన్నది. 2010లో హైదరాబాదు హలీముకు భౌగోళిక గుర్తింపు లభించింది. రంజాను మాసపు సాయంకాలాలలో ఆ బట్టీల ముందు నిలబడేవారిలో ఉపవాసమున్నవారెవరో, లేనివారెవరో చెప్పడం కష్టం.

ఇంతవరకు పరదేశపువని మనకు తెలిసిన రుచుల సంగతి. పరదేశపువని మనం మరచిపోయినవి వీటికంటె ఎక్కువ. తిరిగి వర్ధన్నపేట బండి దగ్గరకు వద్దాము. మిర్చి బజ్జీ కంటె మనదైన తినుబండారం ఏమున్నది? కాని మిరపకాయ పుట్టిల్లు అమెరికా ఖండం. మెక్సికో వైపు వేల ఏండ్ల క్రిందటనే దానిని సాగు చేశారు. 1498లో వాస్కోడిగామా మలబారు తీరం చేరిన తరువాత, పోర్చుగీసువారి ఓడల మీద అది మన దేశానికి వచ్చింది. కాకతీయ రాజ్యం 1323లోనే అంతరించింది. అంటే రుద్రమదేవి వంటశాలలో మిరపకాయ లేదు. కారం కావాలంటే మిరియాలే. కొత్త కాయకు పాత మిరియం పేరునే మార్చి మిరప అని పెట్టుకొన్నాము. నేడు వరంగల్లు ఏనుమాముల మార్కెట్టులో మిరప రాశులు చూచినవారు ఈ కాయ ఒకనాడు పరాయిదంటే నమ్మరు. మన చపాట మిర్చికి 2025లో వరంగల్లు పేరు మీదనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఓడ మీద వచ్చిన అతిథి ఇంటి యజమాని అయినాడు.

ఇక సమోసా. 14వ శతాబ్దిలో ఢిల్లీకి వచ్చిన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా, ముహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో వడ్డించిన సముసక్‌ను వర్ణించాడు. కైమా, బాదం, పిస్తా, ఉల్లి, మసాలాలు పలుచని రొట్టెలో మడిచి నేతిలో వేయించినదట. ఈ తుగ్లకే యువరాజుగా, ఉలుగ్ ఖాన్ అనే పేరుతో, 1323లో మన ఓరుగల్లు కోటను పట్టుకొన్నవాడు. కోట కూలింది, తుగ్లకు వంశమూ పోయింది. ఆ రాజుగారి పళ్ళెంలోని వంటకం మాత్రం మధ్య ఆసియా, పర్షియాల పేరును నిలుపుకొని, బాదం పిస్తాలను వదలుకొని, పెరూ దేశపు కొండలలో పుట్టిన ఆలుగడ్డనో, మన ఉల్లిగడ్డనో కడుపులో పెట్టుకొని, వర్ధన్నపేట బస్సుల దగ్గర నిలబడి ఉన్నది. జిలేబి కూడ అరబ్బుల జలాబియాయే. ఇరాన్‌లో రంజాను సాయంకాలాలలో జూల్బియా అనే పేరుతో నేటికీ తింటారు. మనం ఐనవోలు మల్లన్న జాతరలో కొనుక్కొంటాము.

మన పర్వతగిరి మండలంలోని అన్నారం దర్గాకు హిందువులు, ముస్లిములు కూడ వెళ్ళి కందూరు చేస్తారు. కందూరీ అంటే పర్షియన్ భాషలో భోజనానికి పరచే బట్ట. సద్దుల బతుకమ్మకు మన ఆడపడుచులు పెట్టే మలీద కూడ పర్షియన్ మాటే. చేతితో నలిపినదని అర్థం. రొట్టె మనది, బెల్లం మనది, పండుగ మనది, పేరు అక్కడిది. ఇవన్నీ చెప్పి మనవంటూ ఏమీ లేవని చెప్పడం మా ఉద్దేశం కాదు. ఒక రుచి మనది కావడానికి అది ఇక్కడే పుట్టనక్కరలేదు. తరతరాలుగా మన చేతులు దానిని వండి, మన పిల్లలు దానిని అడిగి ఏడిస్తే చాలును.

ఇదంతా రుచిని వెదకుకొంటూ వెళ్ళినవారి సంగతి. ఆకలి తరిమితే వెళ్ళినవారి అనుభవం వేరు. మన ఉత్తర తెలంగాణ పల్లెల నుండి వేలాది మంది గల్ఫు దేశాలకు కూలికి పోయారు. మా మేనమామ వారిలో ఒకరు. ఎడారి ఎండలో కట్టడాల పని చేసి, పదకొండేండ్ల తరువాత తిరిగి వచ్చారు. వచ్చిన నాటి నుండి బంధువులు, ఇరుగుపొరుగువారు ఆయనను అడిగిన ప్రశ్న ఒక్కటే: ఎంత సంపాదించినవు? మేము కూడ అదే అడిగాము. ఏం తిన్నవని ఎవరమూ అడగలేదు.

దేశాలు చూడలేదని మా అమ్మాయి నవ్విన మరునాడు మేము మామయ్య దగ్గరకు వెళ్ళి ఆ ప్రశ్న అడిగాము. ఆయన కొంతసేపు మాట్లాడలేదు. తరువాత ఖుబ్బూస్ సంగతి చెప్పారు. ఖుబ్జ్ అంటే అరబ్బీలో రొట్టె. అక్కడ అన్నిటికంటె చవకైన తిండి అదే. పని నుండి గదికి వచ్చేసరికి వండుకొనే ఓపిక లేని రాత్రులలో ఖుబ్బూస్‌ను పప్పునీళ్ళలో అద్దుకొని తినేవారట. తెల్లవారి పెట్టుకొనిపోతే ఎండకు అట్టవలె గట్టిపడేదట. "మీకు షోకు తిండి కావచ్చు, మాకది రోజు గడిచే తిండి" అన్నారు.

ఆ మాట మాకు సూటిగా తగిలింది. పరదేశపు వీధి తిండిని అందరికంటె బాగా ఎరిగినవారు యాత్రికులు కారు. రుచి బాగుంటే తిని, లేకుంటే వదలిపెట్టే స్వాతంత్ర్యం ఉన్నవాడు అతిథి. వేరే గతి లేక నిత్యం దానినే తిని బ్రదికినవాడు ఆ దేశపు మట్టిని ఎరుగును.

కాని మామయ్య చెప్పినదంతా చేదు కాదు. అక్కడి చిన్న హోటళ్ళలో కరక్ అనే చాయ దొరుకుతుందట. పాలు, చక్కెర, యాలకులు వేసి చిక్కగా మరగబెట్టిన చాయ. మన కడక్ చాయే అది. మన దేశపు కూలీలు, వంటవారు తీసుకొనిపోగా, అరబ్బుల నోట కరక్ అయింది. నేడు అక్కడివారు దానిని తమదిగానే ప్రేమిస్తారు. హైదరాబాదులో ఇరానీలు మనకు చాయ పోశారు. ఎడారిలో మనవారు అరబ్బులకు పోశారు. ఇంకొక సంగతి: రంజాను నెలలో మసీదుల దగ్గర డేరాలు వేసి, సాయంకాలం ఎవరు వచ్చినా, ఏ మతమని అడగకుండ, కూర్చుండబెట్టి తిండి పెట్టేవారట. ఖర్జూరం, మజ్జిగ, పండ్లు, ఒక గిన్నె హరీస్. "ఎట్లుండేది మామయ్యా?" అని అడిగాము. "ఎట్లుంటది, మన గటక లెక్కనే ఉంటది" అన్నారు.

మేము బార్కస్‌లో అనుకొన్న మాట ఆయన నోట అట్లే వచ్చింది. మేము ఒక ఉదయం తిని తెలుసుకొన్నదానిని ఆయన పదకొండేండ్లు కూలి చేసి తెలుసుకొన్నారు. ఇన్నాళ్ళు ఆయనను మేము అడగలేదు.

ఈ సందర్భంలో ఒక చరిత్ర విషయం మనవి చేస్తాము. చీరాలకు సమీపాన మోటుపల్లి అనే రేవున్నది. 1244లో కాకతీయ గణపతిదేవుడు అక్కడ ఒక అభయశాసనం వేయించాడు. తుపానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడల సరుకును పూర్వరాజులు స్వాధీనం చేసుకొనేవారు. అది కూడదని, ప్రాణంకంటె ధనం గొప్పదని సముద్రాన్ని నమ్మి వచ్చిన వర్తకుల సరుకును ముట్టమని, ముప్పైకి ఒక వంతు సుంకం మాత్రమే తీసుకొంటామని గణపతిదేవుడు మాట ఇచ్చాడు. పరదేశి మన రేవుకు వచ్చినప్పుడు అతనికి మొదట కావలసినది అభయమని ఆ రాజు ఎరుగును. బార్కస్‌లో "తిను బేటా" అన్న ముసలాయన మాకిచ్చినదీ అదే. ఎడారిలో డేరా వేసినవారు మామయ్యకు ఇచ్చినదీ అదే.

మరి మన వీధికి వచ్చినవానికి మనమేమి ఇస్తున్నాము? వర్ధన్నపేటలో ఆ చివరి బండి, పానీపూరీ బండి ఉన్నది గదా, దానిని నడిపే యువకుడు బీహారు నుండి వచ్చినవాడు. అది పరదేశం కాదు, మన దేశమే. కాని మన భాష అతనికి పరాయిది, అతని భాష మనకు పరాయిది. మూడేండ్లుగా మా ఊరి పిల్లలు అతని చేతి పానీపూరీ తింటున్నారు. పచ్చినీటితో చేసేది గనుక నీళ్ళ శుభ్రత చూచుకొమ్మని తల్లులు హెచ్చరిస్తుంటారు, అది సబబే. కాని అతని పేరు ఊరిలో చాలమందికి తెలియదు. 'ఏయ్ పానీపూరీ' అని పిలుస్తారు.

ఊరి నుండి తిరిగి వచ్చే ముందు సాయంకాలం అతని బండి దగ్గర నిలబడ్డాము. అమ్మాయి కూడ మాతో ఉన్నది. మేము పేరు అడిగాము, చెప్పాడు. తరువాత, మన తెలుగు ఇళ్ళలో గుమ్మం తొక్కిన ఎవరినైనా అడిగే ప్రశ్ననే మాకు వచ్చిన హిందీలో అడిగాము: తిన్నావా? ఏం తిన్నావు?

అతడు మొదట మేము ఎగతాళి చేస్తున్నామనుకొన్నాడు. తరువాత బండి క్రింది అర తెరచి ఒక డబ్బా చూపించాడు. అందులో సత్తు ఉన్నది. వేయించిన శనగల పిండి. పగలంతా బండి తోసేవానికి వండుకొనే తీరిక ఉండదు. గ్లాసు నీళ్ళలో నాలుగు చెంచాల సత్తు, ఉప్పు, తరిగిన ఉల్లిగడ్డ, పచ్చిమిరప, నిమ్మరసం కలిపి త్రాగితే మధ్యాహ్నం గడిచిపోతుందట. అతని ఊరిలో పొలానికి పోయే ప్రతి రైతు మూటలో సత్తు ఉంటుందట. మేము వద్దన్నా వినక, ఒక గ్లాసు కలిపి మాకిచ్చాడు. పైసలు పుచ్చుకొనలేదు.

ఈసారి మేము గిన్నె పట్టుకొని నిలబడిపోలేదు. త్రాగి, గ్లాసు అమ్మాయికి ఇచ్చాము. ఆమె ఒక గుటక వేసి, కండ్లు పెద్దవి చేసి, "చిన్నాయనా, ఇది మన సద్దుల బతుకమ్మ సత్తు గదా!" అన్నది. మన ఇళ్ళలో నువ్వులతోను, పల్లీలతోను, పెసలతోను చేసి చక్కెర కలిపే సత్తు అది. అక్కడ శనగలతో చేసి ఉప్పు కలుపుతారు. పేరు కూడ ఒకటే. సక్తువు అనే సంస్కృతపు మాట రెండు దిక్కులకు నడిచి, రెండు ఊళ్ళలోను సత్తుగానే మిగిలింది. ఆ యువకునికి మేము తెలుగులో సత్తు అని మరల చెప్పి చూపించాము. అతడు నవ్విన నవ్వు మూడేండ్లలో మా అమ్మాయి చూడలేదట.

కావున శ్రోతలకు మా మనవి ఇంతే. పరదేశాలు చూచే భాగ్యం కలిగినవారు చూచి రావచ్చును. లేనివారు తమ ఊరి బండ్ల దగ్గరకు వెళ్ళవచ్చును. అక్కడ తినేదాని పేరు అడగండి. పేరు వెంట దారి తెలుస్తుంది. అది పుట్టిన చోట ఎవరు, ఏ వేళకు తింటారో అడగండి, జీవితం తెలుస్తుంది. డబ్బు ఇచ్చేముందు వండినవాడు తిన్నాడో లేదో అడగండి, మనిషి తెలుస్తాడు. ఈ మూడవ ప్రశ్న లేనిదే మొదటి రెండిటితో తెలిసినది రుచి మాత్రమే.

మా అమ్మాయి మొన్న ఫోను చేసి, పానీపూరీ భయ్యా తన ఊరి నుండి సత్తు తెప్పించి ఇంటికి పంపాడని చెప్పింది. బదులుగా మా వదినగారు డబ్బా నిండ సకినాలు పంపించారట. అతడు వాటిని చాయలో ముంచుకొని తింటున్నాడట. సకినాలను చాయలో ముంచడం మా ఇంటిలో ఎవరూ ఎరుగరు. తరువాత ఊరు వెళ్ళినపుడు మేమూ అట్లే తిని చూడదలచినాము.